తాతయ్య అడిగిన ప్రశ్నలు

చిట్టీ,

నువ్వు ఫోనులో అనుకున్నట్టు నాకు చేసింది ఆపరేషన్ కాదే. చివర దీపమున్న సన్నటి గొట్టాన్ని మూత్రాశయంలోకి పంపి చూస్తారు, అంతే. ముందుగా, మొద్దుబారడానికి జెల్ రాశారు. పది నిమిషాలు పట్టింది. రెండు రోజులు మంట ఉంటుందట, నీళ్లు బాగా తాగమన్నారు. మాటిమాటికీ నా బాత్రూము పరుగులకు భయపడాల్సిందేమీ లేదట.

మీ తాతయ్యే డాక్టరుగారిని వదల్లేదు. "గొట్టం ఎంత లావండీ? నొప్పి తెలుస్తుందా? నెల్లాళ్లుగా రక్తం పడుతుంటే ప్రమాదమా?"

"ఎంత శ్రద్ధండీ మీవారికి!" అని నర్సు మురిసిపోయింది.

నాకు ఒక్క చుక్క రక్తం కూడా పడలేదు, చిట్టీ.

నేనూ మురిసిపోయినట్టే నటించి, గురువారానికి ఆయన పేరు రాయించి వచ్చాను. ఆయన మాత్రం నాకు తోడు వస్తున్నాననుకుంటున్నారు.

బుధవారం వచ్చేటప్పుడు ఆయన కొలతకు వదులు పైజామా ఒకటి కొనుక్కురా. ఎవరికని అడిగితే, బామ్మకేనని చెప్పు.