చిలకపచ్చ చీర

"చిలకపచ్చ చీర నాకెప్పుడూ లేదండి బాబూ!" వంటింట్లోంచే కేకేసింది కృపావతి. "ఆ వేళ నేను కట్టుకున్నది నీలం."

"నీకేం గుర్తు? చూసింది నేను," అన్నాడు బెంజమిన్, కాన్వాసు మీంచి కళ్ళు తిప్పకుండా.

పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి అరవై ఆరో ఏట కుంచె పట్టాడు. రేపు నలభయ్యో పెళ్ళిరోజు. తన చేత్తో వేసిన బొమ్మ భార్యకి ఇవ్వాలని ముచ్చట. ముక్తేశ్వరం రేవు దాటుతున్న పడవ, అందులో అటు తిరిగి కూర్చున్న అమ్మాయి, జడలో కనకాంబరాలు, చిలకపచ్చ చీర. ఆ వేళ అదే పడవలో వెనకాల కూర్చున్న తనకి ముఖం కనబడలేదు. ఆ జడ చూసే మనసు పారేసుకుని, ఎవరమ్మాయో పడవవాణ్ణి అడిగి, ఇంటికెళ్ళి "డేవిడ్ మేష్టారి అమ్మాయిని చేసుకుంటాను" అన్నాడు. పేరు చెప్పలేదు, తెలిస్తే కదా! ఈ కథ ఆ ఇంట్లో గోడలకి కూడా కంఠతా వచ్చు.

చిక్కల్లా రంగుతోనే వచ్చింది. మనవరాలు షైనీ అమలాపురంలో కొనుక్కొచ్చిన యాక్రిలిక్ ట్యూబులు ఆరు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అవి చాలట, మిగతా రంగులు కలుపుకోవడమేనట. పసుపూ ఆకుపచ్చా కలిపితే తడిగా ఉన్నంతసేపూ అచ్చం చిలకే. ఆరేసరికి ముదిరి అరిటాకైపోతోంది.

"కాస్త లేతగా కలపండి తాతగారూ. ఆరితే ఓ పిసరు ముదురుతుంది. తప్పయినా పర్లేదు, ఆరేక పైన ఇంకో పూత వేసేయొచ్చు," అంది షైనీ.

"ఆయ్," అన్నాడు బుద్ధిగా.

నాలుగోసారి తెలుపు చుక్క కలిపి వేశాడు. ఆరింది. అదే రంగు! ఆనాటి రేవుగాలి మొహానికి తగిలినట్టయి కళ్ళు చెమర్చాయి.

అప్పుడే ఐ.పోలవరం నుంచి వచ్చి ఆటో దిగింది కృపావతి అక్క పాపాయమ్మ. బొమ్మ చూసి బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యబాబోయ్, నా చిలకపచ్చ చీర! నిశ్చితార్థానికి మా అత్తగారు పెట్టేరండి. ఆ కనకాంబరాలూ నావే. మీకెలా తెలుసండి మరిదిగారూ?"

భార్య మొహం చూసే ధైర్యం లేక బెంజమిన్, పచ్చ మీద పూసేద్దామని గబగబా నీలం ట్యూబు అందుకున్నాడు.

కృపావతి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"చెరపకండి. మీరు చూసింది అక్కనని, ఈ కథ మొదటిసారి చెప్పినప్పుడే తెలిసింది నాకు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నీలం అని చెప్తూనే ఉన్నాను కదండీ." కొంగుతో చెయ్యి తుడుచుకుని, పడవలో అక్క పక్కనున్న ఖాళీ చూపించింది. "ఇక్కడ వెయ్యండి నీలం చీర. మొహం మాత్రం ఇటు తిప్పండి. రేవు దాటేదాకా నేను మీకేసే చూస్తూ కూర్చున్నాను."