రెండో వరస

కృష్ణ పొంగుతోంది. లంక ఊళ్ల ఫోన్ నంబర్ల టేబుల్‌ను పూర్ణచంద్రరావు తెనాలిలో తన కంప్యూటర్‌లో డేటా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాడు. ఇంటిపేరు, పేరు, ఊరు మూడూ కలిసిన వరస రెండోసారి కనబడితే తీసేయమన్నాడు.

“డూప్లికేట్లు పోయాయండి మేడం. వరద మెసేజ్ పంపించమంటారా?”

“ఇంకా అడుగుతారేంటండీ? పంపించెయ్యండి!” అంది అధికారి సుష్మ.

పంపిన మరుక్షణం మెసేజ్‌తో అతని ఫోనే మోగింది. సొంతూరు కొల్లూరు లంకలో ఎప్పుడో ఇచ్చిన నంబరు. మెసేజ్ వెళ్తున్నందుకు తృప్తిగా నవ్వుకున్నాడు.

మర్నాడు కొల్లూరు లంక నుంచి పెదనాన్న ఫోన్ చేశాడు.

“అందరికీ మెసేజ్ వచ్చిందిరా. మావాడికే, మీ అన్నయ్యకే రాలా. అరటితోటలో పాకలో పడుకున్నాడు. పొద్దున శవం దొరికింది.”

ఫోన్ పట్టుకునే పూర్ణచంద్రరావు టేబుల్ తెరిచి తన పేరు వెతికాడు.

పోయిన తాత పేరు ఆ ఇంట్లో ఇద్దరు మనవళ్లకూ పెట్టారు. టేబుల్‌లో అతను ఒక్కణ్ణే ఉంచాడు.