ఆర్డరు లేని జావ

ఫుడ్ డెలివరీ కంపెనీ ఇంట్లో బిగించిన పొయ్యి బయటి నుంచి ఆర్డరు వస్తేనే వెలుగుతుంది. విజయనగరంలో ఇప్పుడు అందరి వంటిళ్లూ అంతే. జ్వరంతో ఉన్న అత్త కాస్త జావ అడిగింది. భూదేవి భర్త ఫోన్లోంచి తన వంటింటికే ఆర్డరు పెట్టబోయింది.

"జావ మెనూలో లేదండి," అంది.

"ఉప్మా అని పెట్టెయ్. పొయ్యి వెలిగాక జావ కాచెయ్," అన్నాడు భర్త ఈశ్వరరావు.

పొయ్యి వెలిగింది. గిన్నెలో రాగిపిండి పడగానే పైనున్న కెమెరా చూసింది. "ఇది ఉప్మా కాదు," అని మర్యాదగా చెప్పి పొయ్యి ఆరిపోయింది.

లోపల్నుంచి అత్త అడిగింది. "అయిందేటమ్మా?"

ఐదేళ్ల కూతురు ఆ పచ్చి పిండినీళ్ల వైపు చూసింది.

"అమ్మా, నాన్నమ్మ చిన్నప్పుడు వాళ్లింటికి ఆర్డరు ఎవరు పెట్టేవోరు?"