అరబకెట్ నీళ్ళు

"ఏం పైడయ్యా, ఆ మూల మళ్ళీ వదిలేశావు?"

కృష్ణంరాజు తన కారు వెనక తలుపు అద్దం కింది మూలకి వేలు చూపించాడు. ఎండ పడినప్పుడు అక్కడ మసకగా ఒక మరక కనిపిస్తోంది.

పైడయ్య తడిగుడ్డ పిండుతూ తల వంచుకున్నాడు.

చినవాల్తేరులోని ఆ అపార్ట్‌మెంట్‌లో పైడయ్య కార్లు తుడిచే తీరే వేరు. పైపు ముట్టడు. షాంపూ వాడడు. అరబకెట్ నీళ్ళు, మూడు పాత నూలుగుడ్డలు. ఒకటి దుమ్ముకి, ఒకటి సముద్రపు గాలి పూసిన ఉప్పుకి, మూడోది మెరుపుకి. మిగిలిన నీళ్ళు గోడ పక్కన గన్నేరు మొదట్లో పోసి మరీ వెళ్తాడు.

"అరబకెట్‌తో కారు శుభ్రమవుతుందా? ఆ పైపు ఎందుకుంది, చూడ్డానికా?"

"మా జాలారిపేటలో బిందెడు మంచినీళ్ళకి జుట్లు పట్టుకుంటారు బాబూ. అయినా పైపుకి కళ్ళుంటాయేటి? ఏది దుమ్మో, ఏది కాదో దానికి తెల్దు. సెయ్యయితే సూసుకుని తుడుత్తాది."

"మాటలు బాగానే నేర్చావు. మరి నీ చేతికి ఆ మరక కనపళ్ళేదా?"

"కనపడింది బాబూ. లోపలి పక్కనుంది."

"అయితే తుడువు. పదకొండింటికి ఎలమంచిలి నుంచి కొనేవాళ్ళొస్తారు."

పైడయ్య చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"కారు అమ్మేత్తన్నారా?"

కృష్ణంరాజు గడియారం చూసుకున్నాడు.

ఏడేళ్ళ కూతురు ఆశాజ్యోతి జ్వరంతో పోయి నాలుగు నెలలయింది. పిల్ల స్కూలుకి వెళ్ళిన కారు కళ్ళముందు లేకపోతే భార్య సూర్యకళ మళ్ళీ మనుషుల్లో పడుతుందని అతని ఆశ. అమ్మనా అని అడిగితే ఆమె అవుననలేదు, కాదనలేదు.

"ఆ మూల ఒగ్గీండి బాబూ, అలా ఉండనీండి," అన్నాడు పైడయ్య మెల్లగా.

"ఎందుకు?"

పైడయ్య గుడ్డని బకెట్ అంచు మీద వేశాడు.

"నాను సెప్తే బాగోదు. మీరే ఓపాలి ఆ తలుపు తీసి సూడండి."

నాలుగు నెలలుగా కృష్ణంరాజు ఆ వెనక తలుపు తియ్యలేదు. ముందు సీట్లో ఎక్కడం, పోర్టుకి డ్యూటీకి వెళ్ళడం, వచ్చి దిగడం. అంతే.

అందుకే కోపం వచ్చింది.

"పని చెయ్యమంటే నాకే పని చెప్తావా? బద్ధకానికి ఇన్ని కబుర్లు! రేపట్నుంచి ఈ గేటు లోపలికి రాకు. అసోసియేషన్ సెక్రటరీగా చెప్తున్నా."

పైడయ్య గుడ్డలు మడిచాడు. బకెట్‌లో నీళ్ళు గన్నేరుకి పోశాడు. వెళ్తూ మూడో అంతస్తులో కృష్ణంరాజు వాళ్ళ బాల్కనీ వైపు ఒకసారి చూశాడు.

మెయిన్ రోడ్డు మీద వాటర్ వాష్ షాపులో కారు కడిగించడానికి కృష్ణంరాజుకి అరగంట పట్టింది. నురగ కొట్టారు. పైపు పెట్టారు. లోపల అద్దాలకి మందు చల్లి తుడిచారు. నల్లనీళ్ళు ధారగా వెళ్ళి కాలవలో కలిశాయి.

"కొత్త బండిలా ఉంది సార్!" అన్నాడు షాపు కుర్రాడు అనీస్.

నిజమే. వెనక తలుపు అద్దం ఉందో లేదో తెలియనంత శుభ్రంగా ఉంది.

ఇంటికి వచ్చేసరికి సూర్యకళ కింద నిలబడి ఉంది. తిన్నగా వెళ్ళి వెనక తలుపు తీసింది. సీట్లో కూర్చుని అరచెయ్యి అద్దం దగ్గరికి తీసుకెళ్ళింది.

చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఏదండీ?"

"ఏంటి?"

"పాప చెయ్యి."

కృష్ణంరాజుకి అర్థం కాలేదు.

"జంతికలు తిన్న చేత్తో ఈ అద్దం మీద కొట్టి పైడయ్యకి టాటా చెప్పేది కదా. అయిదు వేళ్ళూ ఉండేవి. సాయంత్రం మీరు కునుకు తీసినప్పుడు రోజూ తాళం తీసుకుని వచ్చి, దాని మీద చెయ్యి పెట్టి..."

ఆమె అరచెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

కొనేవాళ్ళు వచ్చారు. బండి బాగుందన్నారు. అమ్మడం లేదని చెప్పి కృష్ణంరాజు వాళ్ళని పంపేశాడు.

మర్నాడు పెదజాలారిపేటలో పైడయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. గుమ్మంలో వల బాగుచేస్తున్న పైడయ్య భార్య పోతమ్మ లేచి నిలబడింది.

"పైడయ్య ఉన్నాడా?"

"లేడు బాబూ. పని పోయింది గదా, తెల్లారగట్ల బోటెక్కీసినాడు. మూడేళ్ళ కింద మా సిన్నోడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఇంక సముద్రం మీదికెళ్ళనని అప్పుడు ఒట్టేసినాడు. ఏటి సేత్తాం, తినాల గదా."

కృష్ణంరాజు గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు.

"అద్దం మీద అది మా పాప చెయ్యి అని ఒక్క మాట చెప్పి ఉంటే..."

జరిగిందంతా చెప్పాడు. పోతమ్మ వింటూ వింటూ చేతిలో దారం పక్కన పెట్టింది.

"సిన్నోడి పెద్దకర్మ నాడు మైల పోవాలని ఇల్లంతా కడిగీసినాం బాబూ. ఆడి బట్టలన్నీ, కప్పుకునే దుప్పటితో సహా ఉతికీసినాం. మర్నాడు ఆడి వాసన కోసం ఎతికితే ఒక్క గుడ్డ లేదు. అప్పట్నించి మా ఆయన ఏది కడిగినా ముందు ఓపాలి సూసుకుంటాడు, ఎవులిదైనా ఏటైనా మిగిలుందేమో అని."