ముగ్గేసిన గుంత

మిషిగన్ మంచు కరిగేసరికి రాగిణి వాళ్ల డ్రైవ్‌వే ముందు రోడ్డు మీద పెద్ద గుంత తేలింది. రెండు టైర్లు మింగింది. సిటీ యాప్‌లో ఎన్నిసార్లు రిపోర్ట్ చేసినా ఎవరూ రాలేదు. కనీసం కార్లవాళ్లకు కనిపిస్తుందని, రాగిణి దాని చుట్టూ ముగ్గేసి బంతిపూలు పెట్టింది.

మర్నాడే సిటీ సిబ్బంది వచ్చారు. వీధిలో గుంతలన్నీ పూడ్చారు, ఇదొక్కటి తప్ప. దీని చుట్టూ మాత్రం కంచె కట్టి, టోపీలు తీసి నిలబడ్డారు.

“అది గుడి కాదండీ, పాట్‌హోల్! ఫిల్ చేసేయండి!” అని మొత్తుకుంది రాగిణి.

“మీ నమ్మకాలంటే మాకు గౌరవం మేడమ్,” అన్నాడు సూపర్‌వైజర్.

కంచె అడ్డమై కారు బయటికి రాలేదు. రాగిణి చెప్పులు విప్పి, కంచె ముందు కొబ్బరికాయ కొట్టింది.

“స్వామీ, నువ్వు పూడిపోతే నీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేస్తాను.”