మారేడ్‌పల్లి చెత్త

మారేడ్‌పల్లి కాలనీ వెనక ఉన్న చెత్త యార్డును ఎత్తేశాక, సంఘంవాళ్లు కార్పొరేటర్‌కు శాలువా కప్పి సన్మానం చేశారు. ఇన్నేళ్ల పీడ ఆయన చలవవల్లే వదిలిందని అందరి నమ్మకం.

సంఘం కార్యదర్శి కల్పలత మైకులో మాట్లాడి దిగుతుంటే ఒక పెద్దావిడ ఎదురొచ్చింది. బక్కపలచని మనిషి. కళ్లద్దాలు, నేతచీర.

తన పేరు కాంతమణి అని, సీతాఫల్‌మండి నుంచి వచ్చానని చెప్పింది. ఆ యార్డును ఇప్పుడు తమ బస్తీ పక్కకే తెచ్చారట. గోడకు అటు చెత్త లారీలు, ఇటు వంటిళ్లు.

"ఇళ్ల మధ్య యార్డు వద్దని మీ సంఘం ఒక్క మాట చెబితే వింటారమ్మా. మా మాట ఎవరి చెవికీ ఎక్కడం లేదు."

అతిథులు భోజనాలకు లేస్తున్నారు. కల్పలతకు తొందరగా ఉంది.

"మా బాధ మేం పడ్డామండీ. మీది మీరే చూసుకోవాలి. ఎక్కడో ఒకచోట వెయ్యాలి కదా."

ఆవిడ వస్తానమ్మా అని తలూపి, దగ్గుకుంటూ గేటు దాటింది.

భోంచేసి వెళ్లమనైనా అనలేదని కల్పలతకు తర్వాత తోచింది.

ఆ వానాకాలం కాలనీలో కిటికీలు తెరుచుకున్నాయి. కూతురు యామినికి దగ్గు తగ్గింది. పిల్ల ఆయాసం లేకుండా ఆడుకుంటుంటే సంతోషించాల్సింది పోయి, కల్పలతకు ఆ పెద్దావిడ దగ్గే చెవుల్లో మెదిలేది. 'ఎక్కడో ఒకచోట' అన్న తన మాటే తనకు ముల్లయింది.

చివరికి సంఘంలో పోట్లాడి నలుగురినీ ఒప్పించింది. అధికారుల దగ్గరికి తామూ కలిసి వస్తామని చెప్పడానికి సీతాఫల్‌మండి వెళ్లింది.

బస్తీ మొదట్లోనే కంపుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇస్త్రీ బండి దగ్గరున్న తుకారాం అనే అతన్ని కాంతమణి ఇల్లెక్కడని అడిగింది.

"టీచరమ్మనా? పోయిన నెలనే పోయింది మేడం. ముందే ఆయాసం, ఈ చెత్త పొగకు ఇంక తట్టుకోలే." ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. "మీరు యాడికెళ్లి వచ్చిన్రు?"

కల్పలత మారేడ్‌పల్లి నుంచి అని చెప్పింది.

తుకారాం మొహం విప్పారింది.

"అయితే మీకు ఎరుకే ఉంటది. మీ దిక్కు బడిలనే పాఠాలు చెప్పేది. బడి పిల్లలు దగ్గుతున్నరని, మీ కాలనీ ఎన్క చెత్త తీపియ్యనీకె ఒక్కతే ఏండ్లకేండ్లు కోర్టు సుట్టు తిరిగి ఆర్డర్ తెచ్చింది మా టీచరమ్మనే గదా."