జోడీ మారిన ఏడాది

“నాదీ అని అరిచావుగా! మరి వదిలేశావేంటే?” కోర్టు మధ్యలోనే కేకలేసింది జుబియా.

షటిల్ ఇద్దరి మధ్యా పడి ఉంది. దాంతో రాష్ట్ర డబుల్స్ ఫైనల్ పోయింది. అది 1998, విజయవాడ. నెట్ అవతల గెలిచిన హైదరాబాద్ అమ్మాయి నిరుపమ, ఆమె పార్టనర్ చేతులు కలపడానికి ఎదురుచూస్తున్నారు.

“నాదే తప్పు,” అంది దీవెన.

ఆరేళ్ళుగా ఇద్దరూ జోడీ. ఓడిన ప్రతిసారీ దీవెన అనే మాట అదే. వింటే జుబియాకి ఇంకా మండేది.

నెల తిరక్కుండా జుబియా ఇంటి పక్క ఎస్టీడీ బూత్‌కి నిరుపమ ఫోన్ చేసింది. తన పార్టనర్ పెళ్ళి చేసుకుని ఆట మానేసిందట.

“నేషనల్స్‌కి నాతో ఆడతావా? రేపటికల్లా చెప్పాలి.”

నేషనల్స్‌లో పతకం వస్తే రైల్వేలో ఉద్యోగం. జుబియా తండ్రి షబ్బీర్ టైలరు. చూపు మందగించి సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతున్నాడు. నిరుపమతో ఆడితే పతకం ఖాయం. దీవెనతో ఆడితే? జుబియా కళ్ళ ముందు ఆ షటిల్ మళ్ళీ పడింది.

మర్నాడు పొద్దున్నే దీవెన వాళ్ళ ఊరు హనుమాన్ జంక్షన్‌కి బస్సెక్కింది జుబియా. గన్నవరంలో దిగిపోయింది. వెనక్కి వెళ్దామని రోడ్డు దాటి, మళ్ళీ ఇటే వచ్చి ఇంకో బస్సెక్కింది.

“కూర్చో అమ్మా, టీ పెడతాను,” అంటూ దీవెన తల్లి మణెమ్మ లోపలికెళ్ళింది.

జుబియా కూర్చోలేదు. “ఈసారి వేరేవాళ్ళతో ఆడదామనుకుంటున్నానే,” అనేసింది.

ఎవరితో అని కూడా అడగలేదు దీవెన. “మంచిదేగా. వెళ్ళు,” అంది.

“కోపం రావట్లేదా నీకు?”

“దేనికే? మీ నాన్న ఇంకెన్నాళ్ళు మిషన్ తొక్కుతాడు? నీకు ఉద్యోగం రావాలి.”

“మరి నువ్వు?”

“నా సంగతి తర్వాత చూద్దాంలే.”

తిట్టినా బాగుండేది. ఆరేళ్ళ స్నేహం దీనికింతేనా అనుకుంది జుబియా. టీ తాగకుండానే వచ్చేసింది.

నేషనల్స్‌లో జుబియా, నిరుపమ కాంస్యం గెలిచారు. జుబియాకి రైల్వేలో ఉద్యోగమూ వచ్చింది. దీవెనకి మాత్రం జోడీ దొరకలేదు. ఆట వదిలేసి జంక్షన్‌లోనే ఓ స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరిందని తెలిసింది. ఒకసారి వెళ్ళి చూడాలని జుబియా ఎన్నోసార్లు అనుకుంది. బయల్దేరేముందు ఏదో పని గుర్తొచ్చేది. ‘తనతోనే ఉండిపోతే నేనూ అక్కడే ఆగిపోయేదాన్ని’ అని సర్దిచెప్పుకునేది. అయినా మనసు నిలిచేది కాదు.

అయిదేళ్ళు గడిచాయి. విజయవాడలోనే ఓ టోర్నమెంటు. మ్యాచ్‌కి ముందు లేసులు కట్టుకుంటూ జుబియా ఉండబట్టలేక అడిగింది.

“నిరుపమా, ఆ రోజు ఓడిపోయినవాళ్ళం మేము. అయినా నన్నే ఎందుకు ఎంచుకున్నావు?”

నిరుపమ రాకెట్ పక్కన పెట్టింది.

“ఇన్నేళ్ళయ్యాక దాచడమెందుకు? నేను ముందు అడిగింది నిన్ను కాదు. వారం రోజులు బతిమాలాను, ససేమిరా రానంది. నీ పేరు చెప్పి, బూత్ నంబరిచ్చి, నీకు తెలియనివ్వొద్దని ఒట్టేయించుకుంది.”

“ఎవరు?”

“దీవెన.”